అమ్మ కుట్టుషాపులో ఒడియా నేర్చుకోవడం: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రాజెక్టు డైరీ

మాది మహేంద్రతనయ ఒడ్డున పాతపట్నం. ఆటో ఎక్కితే కాసేపట్లో పర్లాకిమిడి, అంటే ఒడిశా. అమ్మకు జాకెట్లు కుట్టే షాపు ఉంది, వచ్చేవాళ్ళలో సగం మంది ఆ వైపు వాళ్ళే. పుట్టినప్పటి నుంచి చెవిన పడుతున్న భాష నాకు రాదు. టెన్త్ పరీక్షలు అయ్యాక మొదలుపెట్టి ఇప్పుడు సెప్టెంబరు చివరికి వచ్చాను. మొదట్లో ఎంత హుషారుగా ఉన్నానో వదిలేస్తున్నాను, అది ఎవరికీ పనికిరాదు. ఏం చేశాను, ఎక్కడ పాడైంది, ఏం మార్చాను, అంతే. ఇచ్ఛాపురంలోనో మందసలోనో మెళియాపుట్టిలోనో నా వయసు వాళ్ళు ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే, నేను పోగొట్టుకున్న మొదటి మూడు వారాలూ వాళ్ళకు మిగలాలి.

దశ 0: ముందు కొలత

కొలవకుండా గుడ్డ మీద కత్తెర పెట్టనివ్వదు అమ్మ. అందుకే మూడు కొలతలు పెట్టుకున్నాను.

1. ఇరవై వాక్యాలు. పక్కింటి పిన్ని పుట్టిల్లు పర్లాకిమిడి. ప్రతి దశ చివరా షాపులో వినపడేలాంటి 20 కొత్త వాక్యాలు ఆవిడ ఒక్కొక్కటీ ఒకేసారి చెబుతుంది. నేను తెలుగులో అర్థం చెప్పాలి. సగం చెబితే లెక్కలోకి రాదు.
2. కాగితం చూడకుండా చెప్పగలిగే మాటలు.
3. ఒడియా నిమిషాలు. కొత్త మనిషితో ఒడియాలో మొదలుపెడితే, ఆ మనిషి తెలుగులోకి మారేదాకా ఎంతసేపు నడిచింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను.

మొదటి రోజు లెక్క: 20కి 3, మాటలు 31, ఒడియా నిమిషాలు 0:40.

మూడో కొలత ఊరికే ఉండనీ అని రాసుకున్నది. చివరికి అసలు పని అంతా దాని చుట్టూనే తిరిగింది.

దశ 1: అక్షరాలు (ఏప్రిల్, మూడు వారాలు)

పర్లాకిమిడిలో చిన్నపిల్లల అక్షరాల పుస్తకం కొన్నాను, రోజుకు గంటా పది నిమిషాలు దిద్దాను. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన గుండ్రటి గొడుగు ఉంటుంది, తేడా ఎక్కువగా కింద ఉండే చిన్న ముక్కలోనే. మన కళ్ళు తెలుగు అక్షరాన్ని మొత్తంగా చూడడానికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి మొదటి వారం అన్నీ ఒకేలా కనిపించాయి. ఉ, డ కలిసిపోయాయి. ప, స, ఘ కలిసిపోయాయి. పై సగం మీద కాగితం పెట్టి మూసేసి కింది సగం మాత్రమే చూస్తూ చదవడం మొదలుపెట్టాక నాలుగు రోజుల్లో విడిపోయాయి. ఈ చిట్కా ఒక్కటి మాత్రం కచ్చితంగా తీసుకోండి.

రెండో చిక్కు ఏకారం. మనకు ఏత్వం అక్షరం నెత్తిమీద ఉంటుంది. వాళ్ళకు అక్షరానికి ముందు, ఎడమ పక్కన ఉంటుంది. నేను దాన్ని ముందున్న అక్షరానికి తగిలించి చదివేదాన్ని. పెన్సిలుతో ప్రతి ఏకారం నుంచి దాని అక్షరానికి చిన్న బాణం గుర్తు వేసుకుంటూ రెండు పేజీలు చదివితే పోయింది.

పెద్ద నష్టం అంకెల దగ్గర జరిగింది. ఒకావిడ వేరే టైలరు రాసిచ్చిన కొలతల చీటీ తెచ్చింది, అంకెలన్నీ ఒడియాలో ఉన్నాయి. నేను చదువుతుంటే అమ్మ రాసుకుంది. ఒడియా నాలుగు అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. ఛాతీ 34ను 38 అని చదివాను. అమ్మ కత్తిరించింది, కుట్టింది. ఆవిడ వేసుకుని చూసి "ఢిలా" అంది. ఆ మాట ఆ రోజే నేర్చుకున్నాను, వదులు అని. కుట్లు విప్పి లోపలికి పట్టి మళ్ళీ కుట్టడానికి అమ్మకు రెండు గంటలు పట్టింది. ఇదే తిరగబడి 38ని 34గా చదివి ఉంటే గుడ్డ పోయేది.

మార్పు: ఒడియా అంకెలు పది, వాటి పక్కన మన అంకెలు, అట్టముక్క మీద పెద్దగా రాసి మిషను పైన గోడకు అంటించాను. చీటీ ఎవరు తెచ్చినా టేపుతో మళ్ళీ కొలవడం అమ్మ పెట్టిన నియమం.

దశ చివర పిన్ని పరీక్ష పెట్టింది. 20కి 4. మూడు వారాల్లో ఒక్క వాక్యం పెరిగింది! బోర్డులు చదవగలను, పెట్రోలు బంకు మీద రాసింది చదవగలను, మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే తెలియదు. మనిషితో మాట్లాడాలనుకునేవాళ్ళు లిపితో మొదలుపెట్టకండి. లిపి వద్దని కాదు, తర్వాత పనికొచ్చింది. ముందు చెవి.

ఇప్పటిదాకా మొత్తం: 24 గంటలు, ₹115 (పుస్తకం, నోటు పుస్తకం, పెన్నులు). మాటలు 58. వాక్యాలు 20కి 4. ఒడియా నిమిషాలు 0:45.

దశ 2: చీటీలు (మే)

తెల్ల అట్టలు ఒక కట్ట కొని ఒకవైపు తెలుగు మాట, రెండోవైపు ఒడియా మాట, తెలుగు లిపిలోనే. రోజుకు పది. చెప్పుల డబ్బాలో నాలుగు అరలు చేసి, వచ్చిన మాట వెనక అరకు, రాని మాట ముందు అరకు.

మాటలు పెరిగాయి కానీ తప్పులు కూడా పెరిగాయి, ఎందుకంటే చాలా మాటలు మన మాటల్లాగే వినిపిస్తాయి. ఒక పెద్దావిడ "గోడొ బింధుఛి" అంది. నేను గోడ వైపు చూశాను. గోడొ అంటే కాలు, ఆవిడకు కాలు నొప్పి, కూర్చోవడానికి స్టూలు అడుగుతోంది. పిలా అంటే మన పిల్ల కాదు, మగపిల్లాడైనా ఆడపిల్లైనా పిలానే. "సే ఆసిబొ" అంటే వాడు వస్తాడు అనీ అవుతుంది, ఆమె వస్తుంది అనీ అవుతుంది, వాళ్ళ క్రియకు ఆడా మగా తేడా లేదు. ఇది తెలియక జాకెట్టు కోసం ఆవిడ కొడుకు వస్తాడని ఎదురుచూస్తూ, వచ్చిన కోడలికి ఇవ్వకుండా పంపేశాను.

అన్నిటికంటే పెద్ద తప్పు మే మూడో వారంలో.

అమ్మ భోజనానికి ఇంటికి వెళ్ళింది. ఒకావిడ వచ్చి పెళ్ళి జాకెట్టు గురించి గబగబా చెప్పింది. నాకు అందులో అందింది "కాలి" ఒక్కటే. నా చీటీ మీద కాలి అంటే నిన్న అని ఉంది. తల ఊపాను. నిన్న వచ్చి వెళ్ళిందట, మళ్ళీ ఎప్పుడైనా వస్తుందట అని అమ్మకు చెప్పాను. ఆవిడ అన్నది "కాలి నేబి". ఒడియాలో కాలి అంటే నిన్నా అదే, రేపూ అదే. రేపు తీసుకుంటాను అని చెప్పి వెళ్ళింది. మర్నాడు బస్సు టైముకు వస్తే జాకెట్టుకు చేతులు కూడా తగిలించలేదు. ఆవిడ ఏమీ తిట్టలేదు, గుడ్డ అలాగే తీసుకుని వెళ్ళిపోయింది. ముందుగా ఇచ్చిన ₹350 అమ్మ తిరిగి ఇచ్చేసింది. ఆ డబ్బు ఈ ప్రాజెక్టు ఖర్చులోనే రాస్తున్నాను, ఎందుకంటే నిజంగా దీని ఖర్చే.

ఆ రాత్రి పిన్నిని కూర్చోబెట్టి అడిగితే తేలింది ఇది. రోజును కాలి చెప్పదు, క్రియ చివర చెబుతుంది. ల వినపడితే అయిపోయింది, బ వినపడితే అవబోతుంది.

నేలి: తీసుకున్నాను. నేబి: తీసుకుంటాను.
దేలి: ఇచ్చాను. దేబి: ఇస్తాను.
ఆసిలి: వచ్చాను. ఆసిబి: వస్తాను.

ఇంతే, కానీ దీన్ని ఒంటిమాట చీటీలు ఎన్ని లక్షలు తిప్పినా పట్టుకోలేం. అందుకని చేసిన మార్పులు:

1. ఒంటిమాట చీటీలు 180 పక్కన పడేశాను. ప్రతి చీటీ మీద షాపులో నిజంగా విన్న వాక్యం. "హాతొ టికే లొంబా", చెయ్యి కాస్త పొడుగు. అలా.
2. ల, బ జతలు రోజూ ఇరవై, పిన్ని చెబుతుంటే నేను వేలితో వెనక్కో ముందుకో చూపించాలి. మొదటి రోజు 20కి 11, అంటే ఊహించి చెప్పినట్టే. పదకొండో రోజుకు 19.
3. అర్థం కాకపోతే తల ఊపకూడదు. "ఆఉ థొరే కుహొంతు", ఇంకోసారి చెప్పండి. ఆ తర్వాత నాకు అర్థమైంది వాళ్ళకే తిరిగి చెప్పాలి. "కాలి నేబే?" రేపు తీసుకుంటారా?

మూడోది చేయడం కష్టం. ఎదుటివాళ్ళకు విసుగొస్తుందేమోనని టెన్షన్. కానీ జాకెట్టు మళ్ళీ పోగొట్టుకోవడం కంటే అది నయం.

ఇప్పటిదాకా మొత్తం: 54 గంటలు, ₹535. మాటలు 240. వాక్యాలు 20కి 7. ఒడియా నిమిషాలు 1:10.

దశ 3: అందరూ తెలుగులోకి మారిపోతున్నారు (జూన్, జులై సగం)

చివరి అంకె చూడండి. 54 గంటల తర్వాత కూడా నిమిషం పది సెకన్లు. నేను ఒడియాలో అడుగుతాను, వాళ్ళు తెలుగులో జవాబిస్తారు. పర్లాకిమిడిలో తెలుగు రానివాళ్ళు తక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు మద్రాసులో ఉండిపోయింది. గీత ఊళ్ళ మధ్య పడింది గానీ మాటల మధ్య పడలేదు. మంచి విషయమే, కానీ నేర్చుకునేవాళ్ళకు ఇదే అడ్డం. నేను ఒక వాక్యం కూడగట్టుకునేలోపు వాళ్ళు దయతో తెలుగులో చెప్పేస్తారు.

ప్రయత్నించినవి వరుసగా:

1. "నాతో ఒడియాలోనే మాట్లాడండి" అని అడగడం. సగటున రెండు నిమిషాలు నిలిచింది. పని తొందరలో ఉన్న మనిషికి నా చదువు గుర్తుండదు, తప్పు వాళ్ళది కాదు.
2. తెలుగు రానట్టు ఉండడం. ఒక్క రోజు చేశాను, ఆపేశాను. అబద్ధం మీద మాట నేర్చుకోవడం నాకు నచ్చలేదు.
3. రైలు. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే బండి మా ఊరి మీదుగానే వెళుతుంది. 1900లో పర్లాకిమిడి రాజా వారు పర్లాకిమిడి దాకా వేయించిన చిన్న రైలు దారే అది, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు, ఇప్పుడు పెద్ద లైను. దూరం వెళ్ళేకొద్దీ ఒడియా ఎక్కువ వినపడుతుందని లెక్క వేసుకుని మామ్మతో గుణుపూర్ దాకా వెళ్ళాను. కాశీనగర్ దాటినా మా పెట్టెలో తెలుగే. రానుపోను టికెట్లకు ₹60, ఒక రోజు, ఒడియా నిమిషాలు మొత్తం నాలుగు.
4. ఈ నాలుగోది పనిచేసింది, నేను వెతుక్కుంటే దొరికింది కాదు.

గుమ్మ వైపు కొండల ఊరి నుంచి ఒకావిడ పర్లాకిమిడిలో పని చేసుకుంటూ ఉంటుంది, మా షాపుకు చీరలకు ఫాల్ వేయించడానికి వస్తుంది. ఆవిడ ఇంటి భాష సవర. ఒడియా బళ్ళో చేరాక నేర్చుకుంది. తెలుగు కొద్దిగా వచ్చు, నా ఒడియా అంత. అందుకని తెలుగులోకి మారదు, మారినా ఇద్దరం అక్కడే ఆగిపోతాం. పైగా ఆవిడ ఒడియా నిదానంగా ఉంటుంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వినపడుతుంది. ఒక భాషను బయటి నుంచి వచ్చి నేర్చుకున్న మనిషికి ఎక్కడ చిక్కుపడతామో తెలుసు. నేను ఆగితే పిన్ని జవాబు చెప్పేస్తుంది. ఈవిడ ఆగుతుంది. నాకు దొరికిన గురువుల్లో ఈవిడే గొప్ప.

ఆవిడకు ఫాల్ కుట్టడం, పీకో చేయడం నేర్చుకోవాలని ఉంది. అమ్మ ఒప్పుకుంది. ఆదివారం ఆదివారం ఒక గంట నాకు ఒడియా, ఒక గంట ఆవిడకు మిషను. ఒక వారం ఆవిడ మా షాపుకు, ఎక్కువ వారాలు నేను పర్లాకిమిడికి. అపా అని పిలుస్తాను, ఒడియాలో అక్క. మన వైపు అప్ప అంటాం కదా, ఆ మాట మొదటిరోజే నోటికి పట్టేసింది.

అపా దగ్గర దిద్దుకున్న రెండు తప్పులు.

మొదటిది అకారం. మనం జగన్నాథ అని చదువుతాం, వాళ్ళు జొగొన్నాథొ అంటారు. అక్షరంలో ఉన్న అ నోట్లో ఒ అవుతుంది, మాట చివర కూడా మింగేయరు. శ, ష, స మూడూ నోట్లో స ఒక్కటే. మొదటి అక్షరం య అయితే జ, రథయాత్ర రొథొ జాత్రా అవుతుంది. ఈ సూత్రాలు నాకు ముందే తెలుసు, నోరు వినలేదు. 50 మాటలు నేను చదివి రికార్డు చేశాను, అవే మాటలు అపా ఒప్పుకుంటే ఆవిడ గొంతుతో రికార్డు చేశాను, రెండూ పక్కపక్కన విన్నాను. నావి 19 తప్పు. రోజుకు ఐదు నిమిషాలు, మూడు వారాలకు 6 తప్పు. ళ, ణ మాత్రం మనకు పుట్టుకతో వచ్చినవే, వాటి జోలికి వెళ్ళనక్కర్లేదు.

రెండోది మర్యాద. మనకు నువ్వు, మీరు. వాళ్ళకు తూ, తుమే, ఆపొణొ అని మూడు మెట్లు, క్రియ కూడా మారుతుంది: తూ ఆసిలు, తుమే ఆసిలొ, ఆపొణొ ఆసిలే. నేను తూ నేర్చుకున్నది షాపులో ఒక తల్లి తన పిల్లాడిని పిలుస్తుంటే విని. అది తీసుకెళ్ళి ఒక ముసలావిడ మీద వాడాను. ఆవిడ ముఖం చూసి ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. అపా చెప్పింది: "చీటీ మీద మాట రాసేటప్పుడు ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకో." అప్పటి నుంచి ప్రతి చీటీ మూలన చిన్నగా రాస్తున్నాను. తల్లి పిల్లాడితో. కోడలు అత్తతో. నేను కొత్త మనిషి దగ్గర ఎప్పుడూ ఆపొణొనే వాడతాను, తక్కువ చేసేకంటే ఎక్కువ చేస్తే పోయేదేం లేదు.

పర్లాకిమిడి రథయాత్ర రోజు అపాతో వెళ్ళాను. మరమరాలు అమ్మే ఒక తాతతో 11 నిమిషాలు ఆగకుండా నడిచింది. ముఢి అన్నాడు ఆయన, మనం మురీలు అంటాం. ధర అడిగాను, ఊరు అడిగాను, ఆయన నా చదువు గురించి అడిగాడు. రెండుసార్లు ఇంకోసారి చెప్పమన్నాను. ఆయన తెలుగులోకి మారలేదు. తర్వాత తెలిసింది, ఆయనకు తెలుగు బాగా వచ్చట.

ఇప్పటిదాకా మొత్తం: 80 గంటలు, ₹835 (ఆటోలు ₹240, రైలు ₹60 కలిపి). మాటలు 390. వాక్యాలు 20కి 12. ఒడియా నిమిషాలు 11.

దశ 4: కాలేజీతో పాటు (జులై సగం నుంచి సెప్టెంబరు)

ఇంటర్ మొదలయ్యాక రోజుకు 25 నిమిషాలే. ఎక్కువ పెట్టాలని చూశాను, వారం తిరగకుండా మానేసే పరిస్థితి వచ్చింది, అందుకే 25 దగ్గర ఆపేశాను. పది నిమిషాలు చీటీలు, పదిహేను నిమిషాలు ఆకాశవాణి ఒడియా వార్తలు ఫోన్‌లో.

వార్తలతో మొదటి రెండు వారాలు వృథా. షాపు ఒడియాలో తెలుగు మాటలు కలిసి ఉంటాయి, రేడియో కటక్ వైపు ఒడియా, వేగం కూడా ఎక్కువ. మాట మాట పట్టుకోవాలని చూస్తే మూడో వాక్యానికే మునిగిపోయేదాన్ని. మార్చింది ఏమిటంటే, ఆదివారం పర్లాకిమిడిలో సమాజ పేపరు కొని మొదటి పేజీ హెడ్డింగులు చదివాక అదే రోజు వార్తలు వినడం. విషయం ముందే తెలిసి ఉంటే చెవి దానంతటదే వెతుక్కుంటుంది. ఏప్రిల్లో నేర్చిన లిపి ఇక్కడ అక్కరకొచ్చింది. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నది మార్కుల కోసమే, కానీ పేపరు ఒడియాలో సంస్కృతం మాటలు చాలా ఉన్నాయి, ఒకారం తీసేసి చూస్తే తెలిసిన మాట కనిపిస్తుంది.

ఆగస్టు 29న కాలేజీలో గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి ఎప్పటిలాగే ఉపన్యాసాలు. 1863లో మన పర్వతాలపేటలో పుట్టారని, వ్యావహారిక భాష కోసం పోరాడారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఈసారి నాకు పట్టింది వేరు. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. లిపి లేదు, అక్షరాల పుస్తకం లేదు, చీటీలు కొనుక్కోవడానికి ఏమీ లేదు, మాట్లాడే మనుషులే. సవర మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో వచ్చింది, అప్పటికి 67 ఏళ్ళు నిండాయి. ఆ ఆదివారం అపాకు ఈ సంగతి ఒడియాలో చెప్పాను, తడుముకుంటూ ఆరు నిమిషాలు పట్టింది. తన భాష మీద ఒక తెలుగాయన పుస్తకం రాశాడని ఆవిడకు తెలియదు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాకు సవరలో నీళ్ళను ఏమంటారో చెప్పింది.

ఇప్పటిదాకా మొత్తం: 111 గంటలు, ₹905. మాటలు 610. వాక్యాలు 20కి 16. ఒడియా నిమిషాలు 22.

ఇంకా పాడుగా ఉన్నవి

ఇరవై దాటిన అంకెలు. మన ఇరవై ఒకటి, ఇరవై రెండు లాగా పేర్చుకుంటూ పోవడం కుదరదు, ఒక్కోటీ ఒక్కో మాట, వంద దాకా బట్టీ పట్టాలి. కొలతల్లో ఎక్కువగా వచ్చే 28 నుంచి 42 వరకే ముందు పట్టుకున్నాను.

ఫోన్. ఎదురుగా ఉంటే చెయ్యి, ముఖం, గుడ్డ చూసి సగం అర్థమవుతుంది. ఫోన్‌లో అవేవీ లేవు. గత వారం ఐదు ఫోన్లు ఎత్తితే రెండు అమ్మకు ఇచ్చేయాల్సి వచ్చింది. అక్టోబరు నుంచి నాలుగో కొలత ఇదే, పది ఫోన్లలో ఎన్ని నేనే ముగించాను.

నిన్న వచ్చిన ఫోన్ మాత్రం నేనే ముగించాను. నాలుగు జాకెట్లు, దసరాకు. "ఆఉ థొరే కుహొంతు" మూడుసార్లు అన్నాను, రోజు తిరిగి చెప్పించుకున్నాను, బ వినపడింది. ఆవిడ చెబుతున్న వేగానికి చేతికి వచ్చినట్టు రిజిస్టరులో ఒడియా అంకెలతోనే రాసేశాను. సాయంత్రం అమ్మ ఆ పేజీ చూసి, ఇది నాలుగా ఎనిమిదా అని అడిగింది. ప్రతి అంకె పక్కనా మన అంకె వేసి ఇచ్చాను.